ఎత్తైన కొమ్మలను నేల మీద నిలబడి కత్తిరించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పొడవాటి గడ చివర రంపమో కత్తెరో ఉన్న పరికరాలతో ఎత్తైన కొమ్మలను కోసే విషయంలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాము. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకునేలా రాశాము కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## పని మొదలుపెట్టే ముందు

ఈ కొమ్మను నేనే కోయవచ్చా, లేక తెలిసినవాళ్లను పిలవాలా?

ముందు కొమ్మ బరువును అంచనా వేయండి. పచ్చి కొమ్మలు చూపుకు తేలిగ్గా కనిపించినా చాలా బరువుంటాయి: 15 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు ఉన్న పచ్చి కొమ్మ ఆకులు, రెమ్మలు లెక్కలోకి తీసుకోకుండానే 40 కిలోలు దాటవచ్చు. అంత బరువును గాలిలో ఆపే శక్తి గడకు లేదు. గడ కోయగలదు గానీ కొమ్మను మోయలేదు. మణికట్టు మందం వరకు ఉన్న కొమ్మ, కింద ఖాళీ నేల, మీరు రెండు కాళ్లూ ఆనించి నిలబడే చోటు ఉంటే పని మీ చేతిలోనిదే. కొమ్మ మందం 10 సెంటీమీటర్లు దాటినా, అది పైకప్పు మీదికో గోడ మీదికో వాలి ఉన్నా, మొదట్లో పగులు కనిపించినా, ఇప్పటికే సగం విరిగి వేలాడుతున్నా ఆ పనిని చెట్లు ఎక్కి తాళ్లతో కొమ్మలు దించే నిపుణులకు వదిలేయాలి. సగం విరిగిన కొమ్మ ఎటు తిరుగుతుందో, ఎప్పుడు ఊడుతుందో కింద నుంచి చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

కరెంటు తీగ పక్కనే కొమ్మ ఉంది. ఫైబర్ గ్లాస్ గడ వాడితే ఫర్వాలేదా?

ఫర్వాలేదు అనుకోకండి. ఫైబర్ గ్లాస్ పొడిగా, శుభ్రంగా ఉన్నంతసేపే విద్యుత్తును అడ్డుకుంటుంది; దాని మీద తేమ, మురికి, చెట్టు జిగురు చేరితే ఆ రక్షణ నమ్మదగినది కాదు. పైగా చివరన ఉన్న రంపం లోహమే, తాడు తడిస్తే అదీ విద్యుత్తును మోస్తుంది, పచ్చి కొమ్మ కూడా మోస్తుంది. గడ తగలకపోయినా తెగిన కొమ్మ తీగ మీద పడవచ్చు. తీగకు పైపూత ఉన్నట్లు కనిపించడం కూడా భరోసా కాదు. శిక్షణ లేనివారు మనిషినీ, పరికరాన్నీ, కొమ్మనూ తీగకు కనీసం 3 మీటర్ల దూరంలో ఉంచాలన్నది సాధారణంగా పాటించే హద్దు. వోల్టేజి పెరిగే కొద్దీ ఆ దూరం పెరుగుతుంది, యంత్రపు పోల్ సా (గడ కొసన చైన్ రంపం ఉండే యంత్రం) మాన్యువల్ ఇంకా ఎక్కువ దూరం చెబితే దానినే పాటించాలి. ఆ హద్దులోకి వచ్చే కొమ్మల విషయం విద్యుత్ సంస్థకు తెలియజేయడం తప్ప ఇంటివారు చేయగలిగింది ఏమీ లేదు.

ఏ కాలంలో కోస్తే చెట్టుకు మంచిది?

ఎండిన, విరిగిన, తెగులు సోకిన కొమ్మలకు కాలంతో పని లేదు. ఎప్పుడు కనిపిస్తే అప్పుడు తీయవచ్చు. పచ్చి కొమ్మల విషయంలో, ఆకు రాల్చే చాలా చెట్లకు అవి నిద్రాణంగా ఉండే కాలపు చివరి భాగం, అంటే కొత్త చిగుళ్లు రావడానికి కాస్త ముందు, అనువైన సమయం. వసంతంలో పూసే చెట్లను పూత అయిన వెంటనే కోయాలి, లేకపోతే మరుసటి పూతను మోసే మొగ్గలను మీ చేతులతో మీరే తీసేసినట్లవుతుంది. మామిడి వంటి నిత్యహరిత ఫలవృక్షాలను కాయలు దింపిన తర్వాత కోయడం పరిపాటి.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. చెర్రీ, ప్లమ్ జాతులకు కోతల గుండా సిల్వర్ లీఫ్ అనే శిలీంధ్రపు తెగులు సోకుతుంది కాబట్టి వాటిని చలికాలంలో కాకుండా పొడిగా ఉన్న వేసవి రోజుల్లో కోస్తారు. ఉత్తర అమెరికాలో ఓక్ విల్ట్ అనే తెగులు ఉన్న ప్రాంతాల్లో వసంతం నుంచి వేసవి తొలినాళ్ల వరకు ఓక్ చెట్ల జోలికి పోరు, ఎందుకంటే తాజా గాయం వాసనకు వచ్చే పురుగులే ఆ తెగులును మోసుకొస్తాయి. మేపుల్, బర్చ్ చెట్లను వసంతానికి ముందు కోస్తే గాయం నుంచి నీరు ధారగా కారుతుంది; చూడటానికి భయంగా ఉన్నా దానివల్ల చెట్టుకు చెప్పుకోదగ్గ హాని లేదు. ఏ కాలమైనా గుబురులో పక్షి గూడు ఉందేమో చూసి, ఉంటే పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగాలి.

అంత ఎత్తున ఉన్న కొమ్మ ఎండిందో, బతికే ఉందో కింద నుంచి ఎలా తెలుస్తుంది?

చెట్టంతా ఆకులతో ఉన్నప్పుడు చూడండి; ఆకు లేని కొమ్మ వెంటనే తెలిసిపోతుంది. చెట్టు ఆకు రాల్చాక అన్ని కొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆకులున్న రోజుల్లోనే ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. బెరడు పెచ్చులుగా ఊడుతుండటం, రెమ్మల కొసలకు మొగ్గలు లేకపోవడం, కొమ్మ మీద పుట్టగొడుగుల వంటివి మొలవడం కూడా ఎండిన కొమ్మకు గుర్తులే. ఎండుకొమ్మ తేలిక కదా అని నిర్లక్ష్యం చేయవద్దు. పచ్చి కొమ్మ తెగే ముందు వంగి, కిర్రుమని చెబుతుంది. ఎండింది ఏమీ చెప్పకుండా, ఒక్కోసారి రంపం పెట్టిన చోట కాకుండా వేరే చోట, పుటుక్కున విరుగుతుంది.

## పరికరం ఎంచుకునేటప్పుడు

చేతి రంపం ఉన్న గడ, తాడుతో లాగే కత్తెర, చైన్ ఉన్న పోల్ సా: వీటిలో నాకు ఏది కావాలి?

తాడు లాగితే మూసుకునే కత్తెర సుమారు 2.5 నుంచి 3 సెంటీమీటర్ల మందం వరకు ఉన్న రెమ్మలకు పనికొస్తుంది. దాని కోత నున్నగా ఉంటుంది, కొమ్మ ఊగినా ఇబ్బంది లేదు. గుబురు మధ్య మాత్రం తాడు రెమ్మలకు చుట్టుకుని విసిగిస్తుంది. చేతి రంపం ఉన్న గడ అంతకన్నా మందమైన కొమ్మలకు, సుమారు 10 సెంటీమీటర్ల వరకు, సరిపోతుంది. ఒకే ఒక్క పరికరం కొనాలనుకునే ఇంటి తోటకు నేను సూచించేది ఇదే. బ్యాటరీతోనో పెట్రోలుతోనో నడిచే చైన్ పోల్ సా వేగంగా కోస్తుంది, చేతులకు లాగే శ్రమ తప్పుతుంది. కానీ దాని బరువంతా గడకు అవతలి కొసన ఉంటుంది, కాసేపటికే భుజాలు బరువెక్కి గురి తప్పుతుంది. ఏటా పదుల కొద్దీ కొమ్మలు కోయవలసిన తోట ఉంటేనే దానిని కొనడం అర్థవంతం.

ఎంత పొడవున్న గడ కొనాలి?

ఎంత పొడవుంటే అంత మంచిదనుకోవడం సహజం, కానీ గడను నిట్టనిలువుగా పట్టుకుని కోయకూడదన్న సంగతి లెక్కలోకి తీసుకోవాలి. నేలకు 60 డిగ్రీల కోణంలో, అడుగు కొస మీ నడుము ఎత్తులో ఉండేలా పట్టుకుంటే, 4 మీటర్ల గడ సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తును అందుకుంటుంది, మీరు కొమ్మకు 2 మీటర్ల పక్కన నిలబడతారు. అదే కోణంలో 6 మీటర్ల గడ 6 మీటర్ల పైచిలుకు ఎత్తుకు చేరుతుంది, మీరు 3 మీటర్ల పక్కన ఉంటారు. పొడవు పెరిగే కొద్దీ గడ వంగుతుంది, ఊగుతుంది, మీరు లాగిన లాగుడులో సగం ఆ ఊపులోనే పోతుంది. పూర్తిగా సాగదీసిన గడతో చక్కటి కోత పడటం అరుదు. అందువల్ల మీకు కావలసిన ఎత్తుకు గడ పూర్తిగా సాగకుండానే అందేలా ఎంచుకోవాలి, పనిలో కూడా అవసరమైనంత వరకే సాగదీయాలి.

అల్యూమినియం మంచిదా, ఫైబర్ గ్లాస్ మంచిదా?

అల్యూమినియం తేలిక, వంగడం తక్కువ, నొక్కు పడితే మాత్రం ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు బిగుసుకుపోతాయి. ఫైబర్ గ్లాస్ కాస్త బరువు, దెబ్బలకు తట్టుకుంటుంది, ఎండలో ఏళ్ల తరబడి వదిలేస్తే పైపొర పొడిబారి నూగు లేస్తుంది. పదార్థం కన్నా గొట్టాలను బిగించే లాకు ఎంత గట్టిదో చూడటం ముఖ్యం.

రంపం బ్లేడు ఎందుకు వంకరగా ఉంటుంది?

గడ రంపం లాగినప్పుడే కోస్తుంది, తోసినప్పుడు కోయదు. పళ్లు మీ వైపుకు వాలి ఉండేది అందుకే. వంపు వల్ల లాగుతున్నంతసేపూ పళ్లు తమంతట తామే చెక్కలోకి దిగుతాయి, మీరు పైనుంచి నొక్కవలసిన పని ఉండదు. నొక్కితే గడ వంగి, బ్లేడు గాడి తప్పుతుంది. నిదానంగా, పూర్తి పొడవునా లాగి, బలం పెట్టకుండా వెనక్కి పంపడమే పద్ధతి. బ్లేడు కొసన కొంకి ఉన్న రకమైతే రంపం కొమ్మ మీంచి జారిపోకుండా ఆగుతుంది, తెగి చిక్కుకున్న రెమ్మలను లాగడానికీ అది అక్కరకొస్తుంది.

## కోసేటప్పుడు

సరిగ్గా ఎక్కడ నిలబడాలి?

కొమ్మ కింద మాత్రం కాదు. కొమ్మ పడే దారికి పక్కగా, గడ నేలకు 60 డిగ్రీలకు మించకుండా వాలి ఉండేంత దూరంలో నిలబడాలి. గడ నిటారుగా వస్తోందంటే మీరు కొమ్మ కిందికి చేరుతున్నారని అర్థం. కొమ్మలు చాలావరకు నిట్టనిలువుగా పడవు: రెమ్మల గుబురు ముందు నేలను తాకి, స్ప్రింగులా వంగి, మొదలు ఎటో ఒకవైపు విసురుగా తిరుగుతుంది, కొన్నిసార్లు గడ వెంబడే మీ వైపు జారి వస్తుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందే వెనక్కి తప్పుకునే దారి ఒకటి చూసుకుని, ఆ దారిలో రాళ్లు, కుండీలు, ముందు కోసిన రెమ్మలు లేకుండా తీసేయాలి. కొమ్మ కదలగానే గడను కాపాడుకోవాలని చూడకుండా ఆ దారిలో వెనక్కి నడవాలి. చుట్టుపక్కల వాళ్లను యంత్రపు పోల్ సాకు 15 మీటర్ల దూరంలో ఉంచమని తయారీదారులు చెబుతారు. చేతి రంపానికి కూడా కొమ్మ పడే చోటి నుంచి చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరం ఖాళీగా ఉంచితే మనసు పని మీద నిలుస్తుంది.

హెల్మెట్, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పైకి చూస్తూ చేసే పనిలో రంపపు పొట్టు నేరుగా కంట్లోనే పడుతుంది కాబట్టి పక్కలు కూడా మూసి ఉండే అద్దాలు కావాలి.

ఇంకొక్క మీటరు అందితే చాలు. నిచ్చెన ఎక్కి గడ రంపం వాడవచ్చా?

వద్దు. గడను లాగడానికి రెండు చేతులూ కావాలి, నిచ్చెన మీద నిలవడానికి కనీసం ఒక చెయ్యి కావాలి. కొమ్మ తెగిన క్షణంలో గడ మీది బరువు మారిపోయి మనిషి వెనక్కి తూలతాడు. నేల మీద అది ఒక అడుగు వెనక్కి వేయడంతో పోతుంది; నిచ్చెన మీద ఆ అడుగు వేయడానికి చోటు లేదు. ఆ మీటరు అందకపోతే ఆ కొమ్మ మీది కాదు.

మూడు కోతల్లో కోయాలంటారు. ఒకే కోతలో తెగిపోతుంటే మూడెందుకు?

పైనుంచి ఒకే కోత పెడితే, సగం తెగేసరికి కొమ్మ తన బరువుకు తాను వంగి, తెగని కింది భాగంతో పాటు కాండం బెరడును కిందికి చీల్చుకుంటూ పడుతుంది. ఆ చీలిక కొన్నిసార్లు బారెడు పొడవుంటుంది, చెట్టు దానిని మూసుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. కోత సులువుగా తెగిందా అన్నది కాదు, తెగాక కాండానికి ఏమైందన్నది చూడాలి.

మొదటి కోత కొమ్మ అడుగు వైపు, కాండానికి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, మందంలో పావు వంతు నుంచి మూడో వంతు లోతు వరకు పెట్టాలి. అంతకన్నా లోతుకు పోతే కొమ్మ బరువుకు రంపం బిగుసుకుంటుంది. గడ రంపంతో కింది నుంచి పైకి కోయడం కష్టమే, ఎందుకంటే రంపం బరువు ఇక్కడ మీకు సాయపడదు. అందుకే కొన్ని రంపాల తలకు కింది బెరడును కోయడానికే ఒక చిన్న కొక్కెం ఇస్తారు. లోతు తక్కువైనా బెరడు చుట్టూరా తెగితే చీలిక అక్కడే ఆగుతుంది.

రెండవ కోత పైనుంచి, మొదటి దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు కొస వైపు జరిపి పెట్టాలి. కొమ్మ ఇక్కడ తెగి పడుతుంది. మిగిలిన మొండికి బరువు లేదు కాబట్టి మూడవ కోతను తొందర లేకుండా కొమ్మ మొదట్లో పెట్టవచ్చు. పొడవాటి కొమ్మ అయితే ఈ మూడింటికి ముందే కొస నుంచి ముక్కలుగా తీస్తూ రావాలి. ఒక్కో ముక్క మీరు చేత్తో ఎత్తగలిగేంత ఉంటే అది పడేటప్పుడు కూడా మీ అదుపులోనే ఉంటుంది.

చివరి కోత కాండానికి ఆనించి పెట్టాలా, కాస్త వదలాలా?

కొమ్మ కాండంలో కలిసే చోట చుట్టూ ఉబ్బెత్తుగా, ముడతలు పడిన భాగం ఉంటుంది. దానిని కాలర్ అంటారు. గాయాన్ని మూసే కణజాలం అక్కడి నుంచే పుడుతుంది, పుచ్చు లోపలికి పాకకుండా చెట్టు కట్టుకునే అడ్డు కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి కోత కాలర్‌కు బయట, దానిని గీరకుండా పడాలి. కొమ్మ పంగలో పైకి లేచిన బెరడు మడత కనిపిస్తుంది. ఆ మడతకు వెలుపల మొదలై, అడుగున ఉబ్బు అంచు దగ్గర ముగిసేలా కాస్త ఏటవాలుగా కోస్తే సరిపోతుంది. కాండానికి నున్నగా ఆనించి కోస్తే చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ గాయం పెద్దదవుతుంది, అడ్డు తెగిపోతుంది.

అయితే 5 మీటర్ల కింద నిలబడి చూసేవారికి కాలర్ స్పష్టంగా కనిపించదు, గడ కోణం వల్ల బ్లేడు లోపలికే వాలుతుంది. అటువంటప్పుడు నా సలహా ఒకటే: బైనాక్యులర్‌తోనో ఫోన్ కెమెరాను జూమ్ చేసో రెండు వైపుల నుంచి చూడండి, అప్పటికీ అనుమానం ఉంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువే వదలండి. చిన్న మొండిని తర్వాత సరిచేయవచ్చు, తెగిపోయిన కాలర్‌ను అతికించలేము. మూరెడు మొండి వదలడం మాత్రం తప్పే. అది ఎండి, పుచ్చి, ఆ పుచ్చును కాండంలోకి తీసుకుపోతుంది.

రంపం కొమ్మలో ఇరుక్కుపోయింది. లాగితే రావడం లేదు, ఏం చేయాలి?

వేలాడి లాగవద్దు, బ్లేడు ఊడినా, కొమ్మ ఒక్కసారిగా తెగినా మీ మీదికే వస్తాయి. కొమ్మ వంగడం వల్ల కోత నోరు మూసుకుని బ్లేడును పట్టుకుంటుంది, కాబట్టి ఆ నోరు తెరుచుకునేలా చేయాలి. మరో గడతో కొమ్మ కొసను పక్క నుంచి మెల్లగా పైకి నెట్టించి, అదే సమయంలో రంపాన్ని వచ్చిన దారిలోనే వెనక్కి జార్చాలి. చైన్ పోల్ సా అయితే ముందు యంత్రాన్ని ఆపి, బ్యాటరీ తీసేయాలి. ఇవేవీ కుదరకపోతే చుట్టూ ఎవరూ రాకుండా కట్టడి చేసి గడను అక్కడే వదిలేయండి.

చైన్ పోల్ సా కొమ్మకు తగలగానే ఎగిరెగిరి పడుతోంది. ఎందుకు?

చైన్ పూర్తి వేగం అందుకోకముందే కొమ్మకు తాకిస్తున్నారు, లేదా బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) మధ్య భాగంతో కోయడం మొదలుపెడుతున్నారు. బార్ మొదట్లో ఉన్న కొక్కేన్ని కొమ్మకు ఆనించి, చైన్ వేగం అందుకున్నాక, బార్ అడుగు అంచుతో కోయాలి. అప్పుడు చైన్ తానే యంత్రాన్ని కొమ్మకేసి లాక్కుని నిలబెడుతుంది. పై అంచుతో కోస్తే యంత్రాన్ని మీ వైపు నెడుతుంది. బార్ కొసలోని పై భాగం గట్టి చెక్కకు తగిలితే మొత్తం తల ఒక్కసారిగా వెనక్కి ఎగురుతుంది; గుబురులో కొస వెనకాల మరో కొమ్మ దాగి ఉందేమో చూడకుండా మొదలుపెట్టకూడదు. చైన్ మొద్దుబారినా, వదులైనా ఇదే ఎగురుడు కనిపిస్తుంది. ముతక పొట్టు బదులు సన్నని పొడి రాలుతుంటే చైన్ మొద్దుబారిందని తెలుసుకోవచ్చు.

తాడు కత్తెర సగం కోసి ఆగిపోతోంది.

రెమ్మ దాని శక్తికి మించి మందంగా ఉండవచ్చు, లేదా దవడల కొసన చిక్కి ఉండవచ్చు. రెమ్మను దవడల లోతుకు, ఇరుసు దగ్గరికి వచ్చేలా కొంకిని తగిలించి, తాడును గడకు వీలైనంత దగ్గరగా, దాని వాలులోనే లాగాలి. పదునైన బ్లేడు చెట్టులో మిగిలే భాగం వైపు, కొంకి పడిపోయే భాగం వైపు ఉంటే మొండి పొట్టిగా మిగులుతుంది.

## ఎంత కోయాలి

చెట్టు ఎత్తు తగ్గాలని తలంతా ఒకే ఎత్తులో నరికేస్తే ఏమవుతుంది?

కొన్ని నెలల్లో ప్రతి మొండి చుట్టూ నిటారు చిగుళ్లు గుంపుగా లేస్తాయి, కొద్ది ఏళ్లలో చెట్టు పాత ఎత్తుకే వస్తుంది. తేడా ఏమిటంటే ఈ కొత్త కొమ్మలు చెక్క లోతుల్లోంచి కాకుండా బెరడు కింది పొర నుంచే పుట్టినవి, అతుకు బలహీనం. వాటి కింద మొండి పుచ్చుతుంటుంది. పెద్ద గాలికి విరిగేది అవే. ఎత్తు నిజంగా తగ్గించాలంటే పొడవాటి కొమ్మను దాని పక్క కొమ్మ మొలిచిన చోటికి కోయాలి, ఆ పక్క కొమ్మ తీసేసిన దాని మందంలో కనీసం మూడో వంతు ఉండాలి. అప్పుడు అదే కొత్త కొసగా ఎదుగుతుంది.

ఒకేసారి ఎన్ని కొమ్మలు తీయవచ్చు?

ఒక ఏడాదిలో పచ్చి గుబురులో నాలుగో వంతుకు మించి తీయకూడదన్నది ఎక్కువ మంది పాటించే హద్దు. ముసలి చెట్టుకు అంతకన్నా బాగా తక్కువ. ఎండుకొమ్మలు ఈ లెక్కలోకి రావు. గడతో పని చేసేవారు తెలియకుండా చేసే పొరపాటు మరొకటుంది: చేతికందే లోపలి రెమ్మలన్నీ ఊడ్చేసి, అందని కొసల్లో మాత్రం గుబురు వదిలేస్తారు. బరువంతా కొసకు చేరి కొమ్మ గాలికి ఎక్కువ ఊగుతుంది, తొందరగా విరుగుతుంది.

కొమ్మ మీద బదనిక పట్టింది. దానిని మాత్రమే గీకేస్తే పోతుందా?

పైకి కనిపించేది పోతుంది, కొమ్మలోకి దిగిన దాని వేళ్ల వంటి భాగాల నుంచి మళ్లీ మొలుస్తుంది. బదనిక అంటుకున్న చోటికి కాండం వైపు కనీసం 30 సెంటీమీటర్లు జరిపి, వీలైతే దగ్గరి పంగ దాకా కొమ్మనే తీసేయాలి. పెద్ద కొమ్మకో కాండానికో పట్టినప్పుడు అది కుదరదు. గింజ కట్టకముందే ఏటా బదనికను విరిచేస్తూ ఉంటే కనీసం మిగతా కొమ్మలకు పాకకుండా ఆగుతుంది.

## కోసిన తర్వాత

గాయానికి పెయింటో తారో పూయాలా?

సాధారణంగా అక్కర్లేదు. అమెరికా అటవీ విభాగానికి చెందిన అలెక్స్ షైగో చెట్లను నిలువునా చీల్చి గాయాలను పరిశీలించి, చెట్టు పాడైన చెక్కను బాగు చేసుకోదని, దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి లోపలే బంధిస్తుందని 1970ల్లో వివరించారు. పూత ఆ గోడలు కట్టడానికి సాయపడదు. లోపల తేమను పట్టి ఉంచి కొన్నిసార్లు పుచ్చుకే మేలు చేస్తుంది. ఓక్ విల్ట్ ఉన్న చోట తెగులు మోసే పురుగులు తిరిగే రోజుల్లో ఓక్ కొమ్మను కోయక తప్పకపోతే, అప్పుడు మాత్రం కోసిన వెంటనే పూత వేయాలి.

ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్లేటప్పుడు రంపం కడగాలా?

తెగులు ఉన్నట్లు అనుమానం ఉంటే తప్పకుండా. ముందు పొట్టు, జిగురు తుడిచి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో బ్లేడును తడపాలి. మురికి మీద పోసిన మందు లోపలికి చేరదు. బ్లీచ్ నీళ్లు కూడా పని చేస్తాయి గానీ లోహాన్ని తింటాయి కాబట్టి వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.

రంపం మొద్దుబారింది. ఆకురాయితో పదును పెట్టవచ్చా?

పళ్ల కొసలు నల్లగానో నీలంగానో కనిపిస్తే అవి వేడితో గట్టిపరిచినవి. ఆకురాయి వాటిని అరగదీయలేదు, బ్లేడునే మార్చాలి. మామూలు పళ్లయితే పెట్టవచ్చు. చాలాసార్లు మొద్దుబారిందనుకున్న రంపం నిజానికి జిగురు పట్టినదే అయి ఉంటుంది. టర్పెంటైన్‌తో తుడిచి, పలచగా నూనె రాసి ఒకసారి కోసి చూడండి. అదే సమయంలో గడ లాకులను బిగించి, బరువు వేసి, జారుతున్నాయేమో పరీక్షించడం, తాడు కప్పీ దగ్గర నలిగిందేమో చూడటం మేలు.

కోసిన చోట నిటారు చిగుళ్లు గుంపుగా లేచాయి. వాటిని వెంటనే తీసేయాలా?

అన్నీ ఒకేసారి తీస్తే మళ్లీ అన్నే వస్తాయి, ఎందుకంటే పోయిన ఆకును తిరిగి సంపాదించుకోవడానికే చెట్టు వాటిని పంపింది. మొదటి ఏడాది బలహీనమైనవి, ఒకదానికొకటి రాసుకునేవి మాత్రం తీసి, బయటికి వాలుతున్న ఒకటి రెండింటిని ఎదగనివ్వండి. మిగిలినవాటిని ఆ తర్వాతి రెండేళ్లలో కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు. అప్పటికి అవి వేలి మందమే ఉంటాయి కాబట్టి తాడు కత్తెర సరిపోతుంది.